పదహారు కోర్లు, పదహారు కడవలు

1. పలకలు కడిగిన రోజు

ఉప్పు మళ్లీ పేరుకుంది. సౌర పలకల మీద తెల్లటి పొర, గోరుతో గీస్తే పొడిలా రాలుతోంది. ఈ వంతు నాది కాదు. వంతు ఉన్నవాడికి నడుం పట్టేసిందని కబురొచ్చింది. నా నడుం ఎలా ఉందో ఎవరూ అడగలేదు. రాత్రి మంచు పట్టడానికి కట్టే గుడ్డలు పిండితే వచ్చిన అరచెంబు నీళ్లతో పలకలన్నీ తుడిచాను. తుడుస్తూ మా గ్రంథం నీటివాక్యంలో మొదటి అధ్యాయం పైకి చదువుకున్నాను. "నీరు మిమ్మును మోసెను గనుక మీరు నీటిని మోయుడి." ఒకప్పుడు ఈ మాట చదివితే ఒళ్లు పులకరించేది. ఇప్పుడు భుజాలు లాగుతున్నాయి.

నేను బడి మొహం చూసినవాణ్ణి కాదు. పడవలకు తారు పూసుకునేవాణ్ణి. అక్షరాలు దిద్దుకున్నది నీటివాక్యం మీదే, అదీ ఎవరూ దిద్దించకుండా. గొంతు పెద్దది గనుక ఈ వారధి మీద వాక్యం చెప్పే పని నా నెత్తినే పడింది.

మా వారధి ఒకప్పుడు బస్సులు తిరిగిన వంతెన. కింద గోదావరి పారేదట. ఇప్పుడు కిందంతా సముద్రమే. పైన పదహారు ఇళ్లు. తాగే నీళ్లు ఎగువ లాకు నుంచి ఒక్క గొట్టంలో రావాలి. ఎండాకాలం ఆ గొట్టం మా వైపైనా తిరుగుతుంది, ఎర్రదిబ్బ ఊరి వైపైనా తిరుగుతుంది. ఇద్దరికీ సరిపోదు. ఎటు తిరగాలో మా తాతల కాలంలో కర్రలతో తేల్చుకునేవారు. పోయినవాళ్ల పేర్లు లాకు గోడ మీద చెక్కి ఉన్నాయి, చదువుతూ నిలబడితే గోడ నీడ జరిగిపోతుంది. అందుకని ఇప్పుడు తెర మీద పడవల ఆటతో తేల్చుకుంటున్నాం. రెండు ఊళ్లలో రెండు కంప్యూటరు పెట్టెలు, మధ్య ఒక తీగ. తెర మీద పడవ మునిగితే ఎవరికీ తల పగలదు. దాహం మాత్రం నిజమైనదే.

నిరుడు ఓడిపోయాం. ఎండాకాలమంతా మంచు గుడ్డలు పిండుకుని బతికాం. పెట్టె చూసుకునే కోటిలింగం వాళ్ల నాన్న ఆ ఎండలకే పోయాడు.

పలకలు తుడిచి దిగేసరికి మా తరఫున ఆడే నూకరత్నం పెట్టె గది గుమ్మంలో కూర్చుని ఉంది. వీపున గుడ్డలో ఏడాది నిండని కూతురు.

"ఏమ్మా, పలకలు మెరుస్తున్నాయి. ఇప్పుడు పరిగెడుతుందా నీ పడవ?"

"పరిగెట్టడం కాదండి అయ్యగారూ, వంపు తిరిగేకాడ నత్తి పడతంది. తెడ్డు ఇప్పుడేత్తే అది కాసేపాగి ఏత్తంది. ఈలోగా ఎర్రదిబ్బోడు నా పక్కనించే నవ్వుకుంటా ఎల్లిపోతాడు."

"నవ్వడం నీకు కనపడుతుందా?"

"కనపడక్కర్లేదండి, తెలుత్తాది."

2. ఫ్యాను విప్పిన రోజు

కోటిలింగం పెట్టె ఫ్యాను విప్పాడు. రెక్కల మధ్య ఉప్పు గడ్డలు, ఎండిన బల్లి ఒకటి. బల్లిని తోక పట్టుకుని నా ముందు ఊపాడు.

"నిరుడు ఓడించింది ఈవిడేనండి. ఓ వాక్యం చెప్పి సాగనంపండి."

సాగనంపాం. ఫ్యాను ఈలేసినట్టు తిరిగింది. నూకరత్నం ఆడింది. వంపు దగ్గర పడవ మళ్లీ నత్తి పడింది.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. పెట్టె లోపలి చిప్పులో పదహారు కోర్లున్నాయి. కోరంటే పనిచేసే చేయి అనుకోండి. పెట్టె దొరికిన నాడే మా పెద్దలు ఇంటికొక కోరు పంచారు. ఒకటో కోరు వర్ధనమ్మగారి ఇంటిది. మూడోది మా ఇంటిది. పద్నాలుగోది నూకరత్నం వాళ్లది. వారధికి ముందు వచ్చిన ఎనిమిది ఇళ్లకు ముందు ఎనిమిది, తరవాత పడవల్లో వచ్చి చేరిన దిగువ ఇళ్లకు వెనక ఎనిమిది. పక్కనున్న చిన్న తెర మీద పదహారు ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. ఏ కోరు ఎంత పని చేస్తే ఆ గీత అంత లేస్తుంది. పందెం రోజున జనం పడవను చూడరు. ఎవరి గీత ముందు వాళ్లు నిలబడి అరుస్తారు. దిగువ ఇళ్ల గీతలు బద్ధకపు గీతలని పైఇళ్లవాళ్లు ఎప్పుడూ ఎగతాళే.

దాని వెనక గట్టి కట్టడి ఒకటుంది. నీటివాక్యం మూడో అధ్యాయం: "పని చేయని ఇంటివాడు కడవతో రాకూడదు." పందెం ముగిసేదాకా ఎవరి గీత నిలుస్తుందో వాళ్లకే గొట్టం నీళ్లలో వంతు. ఈ మాట మీద నేను చెప్పినన్ని ప్రసంగాలు ఇంకే మాట మీదా చెప్పలేదు. పలకలు కడగకుండా పడుకున్నవాడు కడవ మాత్రం అందరికంటే ముందు పెట్టడం నా కళ్లతో చూశాను. మండి చెప్పాను. ఇప్పటికీ ఆ మాట తప్పని అనను.

కోటిలింగం తల గోక్కున్నాడు. "అయ్యగారండీ, కొన్ని కోర్లు ఆపేసి చూద్దామా?"

"ఆపడమా! పదహారు మంది తోస్తేనే కదలని పడవను ఎనిమిది మంది తోస్తారా?"

"అది పడవండి, ఇది వంటిల్లు. ఒక్క పొయ్యి కాడ పదహారు మందిని నించోబెట్టండి. ఉప్పు ఎవడేశాడో ఎవడికీ తెలవదు. గరిటె ఈడి చేతిలోంచి ఆడి చేతిలోకి, ఆడి చేతిలోంచి ఇంకోడి చేతిలోకి. పైగా పదహారు మంది ఒంటి ఉక్క. ఈ ఆట పాతకాలపుదండి, ఇద్దరు ముగ్గురు మంచి వంటోళ్లుంటే చాలేమో దానికి."

"ఏమో అంటావేంటి?"

"నాకూ తెలవదు గాబట్టండి. పెట్టెనే అడగాల."

అడిగాం. తొమ్మిది నుంచి పదహారు దాకా ఆపాడు. నూకరత్నం మొదటి వంపు తిరిగింది. నూనె మీద జారినట్టు తిరిగింది పడవ. రెండో వంపు. మూడోది. పిల్ల వీపు మీద కిలకిలలాడింది. నూకరత్నం కూడా నవ్వింది. ఏడాదిగా ఆమె నవ్వు నేను చూడలేదు.

తరవాత ఆమె చిన్న తెర వైపు తిరిగింది. కుడివైపు సగం చీకటి. పద్నాలుగు దగ్గర గీత లేదు. చేతిలోని తెడ్డుపిడి మెల్లగా కింద పెట్టింది.

"ఎందుకాపావు మావాటినే?"

కోటిలింగం ఇంకా తెరలో ఏదో చూస్తున్నాడు. "ఇయ్యన్నీ ఒక రకం కాదే నూకా. ముందు ఎనిమిదీ పెద్దయి, వెనక ఎనిమిదీ చిన్నయి. చేసినోళ్లే అలా చేశారు. పడవ తిరుగుతా తిరుగుతా చిన్నదాని చేతిలో పడ్డప్పుడల్లా నత్తి."

"అంటే మేం బద్దకపోళ్లం కాదన్నమాట," అంది నూకరత్నం. "మాకిచ్చిందే చిన్నది."



3. మంచు గుడ్డలు మార్చిన రోజు

పాత గుడ్డలు చివికిపోయాయి. పొద్దున్నే వంతెన కమ్మీలకు కొత్తవి కట్టాను. నా భార్య దయామణి కింద నుంచి తాళ్లు అందించింది. ఆమె మోకాలు వాచింది. అయినా నేనే అందిస్తానని పట్టుబట్టింది. చేతికి పని లేకపోతే నాలుక ఎండుతుందట ఆమెకు.

సాయంత్రం పాత టోల్ గేటు నీడలో పదహారు ఇళ్లవాళ్లూ కూడారు. వర్ధనమ్మగారు కుర్చీలో కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. నీళ్ల పంపకం ఆమె చేతుల మీదే జరుగుతుంది. అదనంగా చెంబెడు కూడా ఎన్నడూ తీసుకోలేదు. అందుకే ఆమె మాటకు ఎదురుచెప్పడం కష్టం.

"గెలవాలంటే ఆపాలి. ఆపాల్సిందే," అంది.

"ఆపి గెలిస్తే మా ఎనిమిదిళ్లకీ నీళ్లున్నాయా, లేవా?" నూకరత్నం నిలబడే అడిగింది.

"వాక్యం ఏం చెబుతోందో నన్నడుగుతావేంటి? అదిగో, ఉన్నాడుగా జీవరత్నం."

అందరూ నా వైపు తిరిగారు. నా నోట ఎప్పుడూ సిద్ధంగా ఉండే మంట నుంచి ఆ వేళ పొగ కూడా రాలేదు. "పని చేయని ఇంటివాడు కడవతో రాకూడదు," అన్నాను. అదే ఉంది అక్కడ. లేనిది ఉందని చెప్పలేను.

"చేయనివ్వని ఇంటోడి సంగతేంటండీ?" అంది నూకరత్నం.

"అది... గ్రంథంలో అలా లేదమ్మా."

"అయితే ఇనండి. నా పిల్లకి నీళ్లు రాని పందెం నేనాడను. పెద్ద గీతలోళ్లని ఆడుకోమనండి. చేతులు కూడా పెద్దయే కదా ఆళ్లయి."

పైఇళ్ల వైపు నుంచి ఎవరో, "నువ్వాడకపోతే నీ పిల్లకి మాత్రం ఎక్కడినించొత్తాయి?" అన్నారు.

"రావు. మీకూ రావు. అందరం కలిసి గుడ్డలు పిండుకుందాం. అది సమానమే కదండీ!"

అరుపులు మొదలయ్యాయి. మామూలుగా అయితే నా గొంతుతో వాటిని అణిచేవాణ్ణి. ఆ రోజు ఒక రాయి మీద కూలబడ్డాను. లాకు గోడ మీది పేర్లు కళ్ల ముందు ఆడాయి. మొదటి కర్ర కూడా ఇలాంటి సాయంత్రమే లేచి ఉంటుంది.

ఇంటికొచ్చాక దయామణి మజ్జిగ అనిపించుకునే తెల్లనీళ్లు ఇచ్చింది. "ఏవండోయ్, మీ వాక్యాన్ని కడవలో పోస్తే ఎంతొస్తదండీ?"

"ఎగతాళి చేయకు."

"ఎగతాళి కాదు. కొలిచి చెప్పండి."

4. పెట్టెకు తడిగోనె కట్టిన రోజు

ఎండ పెరిగింది. పెట్టె ముట్టుకుంటే చేయి కాలుతోంది. సముద్రపు నీళ్లలో గోనెసంచి ముంచి పెట్టె గది కిటికీకి కట్టాను. కాస్త చల్లగాలి వచ్చింది, దానితో పాటు ఉప్పూ వచ్చింది. ఒక రోగానికి మందేస్తే ఇంకోటి పట్టుకుంటోంది.

నూకరత్నాన్ని వాళ్లింటికెళ్లి బతిమాలి తీసుకొచ్చాను. పందెం ఆడమని కాదు, పెట్టెను ఇంకొన్ని ప్రశ్నలు అడగడానికి తోడు రమ్మని. వచ్చింది. "ఆడను, సూత్తాను," అని ముందే చెప్పింది.

కోటిలింగం సరదాకి పెద్దవన్నీ ఆపేసి చిన్నవాటిని మాత్రం ఉంచాడు. పడవ బురదలో గేదెలా నడిచింది. నూకరత్నం ముఖం చూసి వెంటనే మార్చేశాడు. తరవాత చిన్నవన్నీ ఆపి, ఈసారి మొదటి వంపులతో ఊరుకోకుండా ఆఖరి పాయదాకా తనే ఆడాడు. ఆటలో నది మూడు పాయలు, ఆఖరి దాంట్లో తుఫాను ఉంటుంది. వాన, అలలు, ఊరేగింపులా ఇరవై పడవలు. అక్కడ తెలిసింది అసలు సంగతి. ప్రశాంతమైన నీటి మీద నూనెలా జారిన పడవ తుఫానులో ఆగి ఆగి, ఎక్కిళ్లు పడుతూ వెళ్లి గట్టుకు కొట్టుకుంది.

"సూశారా?" అంది నూకరత్నం. ఆ గొంతులో సంతోషం లేదు. "ఎనిమిది మంది సాలరు."

కోటిలింగం నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "ఎక్కువైనా ఇబ్బందే, తక్కువైనా ఇబ్బందే. ఆపడం కాదేమోనండి కావల్సింది. ఎవరి పని ఆళ్లకి కట్టెయ్యడం."

కట్టేశాడు. పడవను అయిదు నుంచి ఎనిమిది దాకా ఉన్న పెద్ద కోర్లకు కట్టాడు, అవి ఫ్యానుకు దగ్గరట. అలలను ఒకటి నుంచి నాలుగు దాకా. వాన, చప్పుడు, ఎర్రదిబ్బ నుంచి వచ్చే తీగ కబుర్లు, ఇవన్నీ చిన్న కోర్లకు. పడవ ఇక చిన్నదాని చేతిలోకి జారదు. పదహారు గీతలూ వెలిగాయి. తుఫానులో ఎక్కిళ్లు తగ్గాయి. పూర్తిగా పోలేదు. అయినా పడవ గట్టుకు కొట్టుకోలేదు.

వర్ధనమ్మగారిని పిలుచుకొచ్చాను. ఆమె చిన్న తెరను చాలాసేపు పరీక్షగా చూసింది.

"దిగువ గీతలు పొట్టిగానే ఉన్నాయి. వాన కురిపించడం కూడా పనేనా? పడవను తోసేది పైవాళ్లే కదా."

అప్పుడొచ్చింది నాకు గొంతు. అయిదో అధ్యాయం నిలబడి చదివాను. "వరద నాడు పడవ యొక్కటి, కుటుంబములు అనేకము. కొందరు తెడ్లు వేసిరి. కొందరు నీళ్లు తోడి పారబోసిరి. తెడ్లు వేసినవారిని లెక్కించితిరి, తోడినవారిని లెక్కించరా?" కిటికీ గోనె ఊగేంత గట్టిగా చదివాను. వర్ధనమ్మగారు కళ్లు దించింది. "సరే. గీత నిలిస్తే చాలు. ఎంత పొట్టిదైనా సరే," అంది. ఆమె ఒక మాట ఇస్తే తిరుగులేదు.

ఆమె వెళ్లాక నూకరత్నం అడిగింది. "ఆ కత ఇంకా ఉంది కదండీ?"

ఉంది. కూర్చుని మెల్లగా చెప్పాను. "వంపు దగ్గర పడవ లేవకపోయెను. బరువెక్కువాయెను. అప్పుడు ఒకడు దిగెను. పడవ లేచెను."

"దిగినాయన ఏమయ్యాడు?"

"గ్రంథం చెప్పదమ్మా."

"పేరైనా?"

"అదీ లేదు."

పిల్లను ఒడిలోకి తీసుకుని, "బావుంది. దిగినోడి పేరు రాయడానికి సిరా అయిపోయుంటది," అంది. తరవాత తెడ్డుపిడి చేతిలోకి తీసుకుంది. ఆడతానని నోటితో చెప్పలేదు.

5. పందెం రోజు

రాయడానికి చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

పొద్దు ఎక్కకముందే మొదలుపెట్టాల్సింది. ఎర్రదిబ్బవాళ్లు తీగలో ఏదో తేడా ఉందని ఆలస్యం చేశారు. మొదలయ్యేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. పెట్టె గదిలో పదహారు ఇళ్ల జనం ఇరుక్కున్నారు. కోటిలింగం చెప్పిన వంటింటి ఉక్క అంటే అదే. పొండని ఎవరిని అంటాం? ఎవరి గీత దగ్గర వాళ్లు. దయామణి వాచిన మోకాలితో మూడో గీత ముందు నిలబడి ఉంది.

నూకరత్నం పిల్లను వీపున బిగించుకుంది. నేను చిన్న ప్రార్థన చేశాను. ఎప్పుడూ పెద్దది చేస్తాను. "త్వరగా ముగించేశారేంటండీ?" అని కోటిలింగం గొణిగాడు.

మొదటి పాయలో మనదే ముందు. రెండో పాయలో కూడా. పడవ వంపులు తిరుగుతుంటే నూకరత్నం భుజాలు కూడా తిరుగుతున్నాయి. వెనక నుంచి, "లే, పదకొండూ, లే!" "మా ఏడు సూడండ్రా!" అని కేకలు. దయామణి కూడా, "అదీ, మూడూ! అదీ!" అని చప్పట్లు కొట్టింది. ఆమె అలా అరవడం చూసి నాకు నవ్వొచ్చింది.

తుఫాను పాయ మొదలైంది. వానతో పాటు ఇరవై పడవలు తెర మీదకొచ్చాయి. ఉన్నట్టుండి పడవ నత్తి పడింది. ఒకసారి కాదు, వరసగా. ఎర్రదిబ్బ పడవ పక్కకొచ్చింది, దాటింది.

కోటిలింగం నా చెవిలో అన్నాడు. "పెట్టె వేడెక్కిపోయిందండి. వేడెక్కితే కాలిపోకుండా అన్ని కోర్లూ వాటంతటయే నెమ్మదిత్తాయి. ఒక పెద్దది ఆపితే మిగతాయి లేత్తాయండి."

"చిన్నది?"

"దాని వేడెంతండీ? లాభం లేదు. పడవ మోసేయి ముట్టుకోకూడదు. అలలు మోసే నాలుగిట్లో ఒకటి. అలలు కాత్త మొద్దుగా కనపడతాయి, అంతే."

ఒకటి, రెండు, మూడు, నాలుగు. వాడి వేలు మీటల మీద తిరిగింది. గీత నిలవని ఇంటికి వంతు లేదు. ఎవరి గీత ఆర్పాలి? వాడికి ఆ సాహసం లేదు, ఎవరికీ ఉండదు. "మీరు సెప్పండయ్యగారూ," అన్నాడు.

వాక్యం కోసం వెతుక్కున్నాను. ఇన్నేళ్లలో అడిగినప్పుడు రాకపోవడం అదే మొదలు. జనం కేకలు, పిల్ల ఏడుపు, నూకరత్నం మెడ మీద జారుతున్న చెమట, ఇవే ఉన్నాయి. వర్ధనమ్మగారు ఒకటో గీత పక్కన కర్ర పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. ఆమె మా మాటలు విన్నదో లేదో తెలియదు. నన్నే చూస్తోంది.

"జరుగు," అని కోటిలింగాన్ని పక్కకు నెట్టి మూడో మీట నేనే నొక్కాను.

మూడో గీత కూలింది. దయామణి చప్పట్లు మధ్యలో ఆగాయి. మొదట తెర వైపు, తరవాత నా వైపు చూసింది. చేతులు అలాగే గాల్లో ఉన్నాయి.

కాస్త ఆలస్యంగా ఫ్యాను గొంతు మారింది. మిగతా గీతలు ఒక్కొక్కటే లేచాయి. "ఒచ్చింది!" అంది నూకరత్నం, ఎవరితోనో తెలియదు. పడవ ఎక్కిళ్లు మానేసింది. ఆఖరి వంపులో ఎర్రదిబ్బ పడవకు లోపలి వైపు నుంచి దూరి, ముక్కు పొడవున ముందుకెళ్లి గట్టు తాకింది.

గది కప్పు లేచిపోయేలా అరిచారు. కోటిలింగం ఏడ్చాడు. "నాన్న ఉంటే," అన్నాడు.

నేను గోడకానుకుని కూర్చున్నాను. దయామణి కుంటుతూ వచ్చి పక్కన కూర్చుంది.

"అడగకుండానే ఆర్పేశారా?"

"అడిగే టైము లేదు."

"అడిగితే ఏమనేదాన్నో తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు లెండి," అని తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది. "మంచు గుడ్డలు కొత్తవి కట్టడం మంచిదైంది."

6. గొట్టం తిరిగిన రోజు

నీళ్లొచ్చే ముందు గొట్టం దగ్గుతుంది. తరవాత గాలి, ఆ తరవాత తుప్పు రంగు, ఆపైన తేట. ఆ దగ్గు వినగానే వారధి మీద ప్రతి మనిషీ గబగబా లేచాడు. కోటిలింగం నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"రండి అయ్యగారూ, కడవ తెచ్చుకోండి."

"నా గీత నిలవలేదుగా."

"అబ్బా, ఇప్పుడు కూడానా? ఆ అయిదో అధ్యాయం మీరే సదివారు కదండీ. దిగినోడు..."

"ఆ మాట నా నోట రాదు కోటిలింగం. ఇన్నేళ్లూ ఇంకొకళ్ల కడవ ముందు మూడో అధ్యాయం చదివాను. ఇవాళ నా కడవ దగ్గరికొచ్చేసరికి అయిదోది తీస్తే, రేపు నా ప్రసంగం ఏ బల్లి వింటుంది?"

"బల్లి సచ్చిపోయిందండి," అన్నాడు. ఇద్దరం నవ్వాం. అయినా కదల్లేదు నేను. దయామణి లోపల్నించి కడవ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. "తీసుకోకపోతే పోనీ, వరసలో నిలబడండి. ఊరంతా నిలబడితే మీరొక్కరే పడుకుంటారా?" అంది. ఎదురుచెప్పే ఓపిక లేక వెళ్లాను. వరస ఆఖరున నిలబడ్డాను.

టోల్ గేటు దగ్గర వర్ధనమ్మగారు కొళాయి మీద చేయి వేసి నిలబడి ఉంది. ఆడినవాళ్లది మొదటి కడవ. అది మొదటినుంచీ వస్తున్న పద్ధతి. "నూకరత్నం," అని పిలిచింది.

నూకరత్నం తన కడవ నేల మీద వదిలేసి, వరస పక్కనుంచి నడుచుకుంటూ వెనక్కి వచ్చింది. నా దగ్గర ఆగింది. పిల్ల నా గడ్డం పట్టుకుని లాగింది.

"అయ్యగారూ, దిగినాయన పేరేంటన్నారు?"

"గ్రంథంలో పేరు లేదమ్మా. చెప్పానుగా."

"పేరు లేకపోతే లేకపోయింది. కడవుంది కదా. ఇటియ్యండి."

నేను ఇవ్వలేదు. ఆమే లాక్కుంది. వెళ్లి కొళాయి కింద పెట్టింది. దిగువ ఇళ్లవాళ్లూ, పైఇళ్లవాళ్లూ వర్ధనమ్మగారి చేతి వైపే చూస్తున్నారు.

"ఎవరిదిది?" అంది ఆమె. తెలిసే అడిగింది.

"పడవ దిగినాయనదండి. మొదటి కడవ నాది. నా కడవని నేనెవరి పేరునైనా పట్టుకుంటాను."

"అలా రాసి లేదు."

"పడవ లేచిందని రాసుంది కదండీ. ఆయన దిగబట్టే లేచింది. నీళ్లు తోడినోళ్లని లెక్కెట్టారు కదా మొన్న. ఈయన్ని కూడా లెక్కెట్టండి."

వర్ధనమ్మగారు ఆమెను చూసింది. తరవాత వరస ఆఖరుదాకా చూపు సాగదీసి నన్ను చూసింది. "ఏం జీవరత్నం, ఇది సరైన బోధేనా?"

ఊరంతా తల తిప్పింది. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా నా మాట కోసం ఎదురుచూడటం నా జీవితంలో మళ్లీ జరగదు. మూడో అధ్యాయం నాలుక మీదకొచ్చింది, అయిదో అధ్యాయం వచ్చింది. రెండూ అక్కడే ఉండిపోయాయి.

"నన్నడగకండమ్మా. బోధించింది ఆవిడ," అన్నాను.

వర్ధనమ్మగారు కొళాయి తిప్పింది.

నీళ్లు కడవ అడుగును తాకిన చప్పుడుకు ఎవరో నిట్టూర్చారు. నిండాక నూకరత్నం మోసుకొచ్చి నా భుజానికెత్తింది. వెనక్కి వెళ్లి తన కడవతో వరస ఆఖరున, నేను నిలబడిన చోట నిలబడింది. ఎవరో ముందుకు రమ్మన్నారు. "నా వంతు అయిపోయిందండి. ఇప్పుడు ఇంటి వంతు," అంది.

ఆ సాయంత్రం ప్రసంగం ఉంటుందని జనం అనుకున్నారు. చెప్పలేదు. కడవ బరువుగా ఉంది. ఇంటిదాకా ఒక్క చుక్క ఒలకకుండా మోసుకెళ్లాలి.